గాలాడే గదిలో వెచ్చటి పాట

స్పీకర్లు కొనాలనుకునే మనవాళ్ళని "ఎలాంటి సౌండ్ కావాలి?" అని అడిగి చూడండి. చాలామంది రెండు మాటలే చెబుతారు. వెచ్చగా ఉండాలి, గాలాడుతున్నట్టు ఉండాలి. హైఫై పత్రికల వాళ్ళు వార్మ్, ఎయిరీ అని రాసి రాసి అరగదీసిన మాటలే ఇవి. జులై నెలలో అల్ వక్రాలో చొక్కా వీపుకి అంటుకుపోయి నిలబడి "నాకు వెచ్చగా కావాలండీ" అనడం కాస్త విడ్డూరమే అనుకోండి. కానీ అడిగేవాళ్ళకి ఏం కావాలో బాగానే తెలుసు. ఘంటసాల గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉండకూడదు. ఆ గొంతు చుట్టూ కాస్త జాగా ఉండాలి.

నాకీ పిచ్చి ఉందని తెలిసినవాళ్ళు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటారు. ఏ కంపెనీ స్పీకర్లు కొనమంటావు, ఏ యాంప్లిఫయర్ పెట్టమంటావు, ఎన్ని రియాళ్ళవుతుంది అని. (తెలుగు టైపింగ్ ఎవరూ నేర్పకుండా నాకు నేనే పట్టుబడి నేర్చుకున్నది. 'యాంప్లిఫయర్' అని కొట్టేసరికి వేళ్ళు ముడిపడుతున్నాయి. ఇక మీదట యాంపు అంటాను, సర్దుకోండి.) నేను తిరిగి అడిగే మొదటి ప్రశ్న మాత్రం వాళ్ళెవరికీ నచ్చదు. "మీ హాల్లో నేల మీద ఏముంది?"

టైల్స్ ఉంటాయి. ఇంకేముంటాయి?

మీరు కోరుకునే ఆ వెచ్చదనంలోనూ, ఆ గాలిలోనూ పెద్ద వాటా గదిది. తర్వాతి వాటా స్పీకర్లది. యాంపుది ఆఖరి వంతు. షాపుల్లో మాత్రం ఈ వరస తిరగబడి ఉంటుంది, ఎందుకంటే గదిని అట్టపెట్టెలో పెట్టి అమ్మలేరు కదా.

ముందు ఈ రెండు మాటల్ని కాస్త కొలతల్లోకి దింపుదాం. వెచ్చదనం అని మన చెవికి తోచేది సుమారు 100 నుంచి 300 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. మగగొంతు అడుగు నాదం, వీణ మంద్రస్థాయి, మృదంగం ఎడమ చేతి దెబ్బ అన్నీ ఆ చుట్టుపక్కలే. అక్కడ నిండుగా ఉంటే గొంతుకి ఒళ్ళు ఉన్నట్టు ఉంటుంది. మరీ ఎక్కువైతే కుండలో తల పెట్టి పాడినట్టు ఉంటుంది. గాలి అనేది రెండో కొసన, 10 వేల హెర్ట్జ్ పైన. తాళాల మోత సన్నగా సాగి మాయమయ్యే తోక, పాదం ముగించి గాయని తీసుకునే ఊపిరి అక్కడ దొరుకుతాయి. ఈ రెండింటికీ మధ్యన, 2 వేల నుంచి 5 వేల వరకూ మన చెవికి అతి సున్నితమైన చోటు. ఇక్కడ కాస్త ఎక్కువైనా పాట మీద పడి అరిచినట్టే.

చిక్కేమిటంటే, వెచ్చగా ఉంటాయని పేరుపడ్డ స్పీకర్లు కొన్ని పైస్థాయిని కోసేసి దుప్పటి కప్పుతాయి. గాలి ఉంటుందని అమ్మేవి కొన్ని పైస్థాయిని పెంచేస్తాయి. రెండోరకం షాపులో పది నిమిషాలు అద్భుతంగా ఉంటాయి, ఇంటికి తెచ్చాక గంటకి తలనొప్పి తెస్తాయి. రెండూ ఒకేచోట కావాలంటే అడుగునో కొసనో పెంచితే కుదరదు. ఆ మధ్య భాగం నెమ్మదిగా ఉండాలి. అది నెమ్మదించిందా, అడుగున ఉన్న నిండుదనమూ కొసన ఉన్న ఊపిరీ వాటంతటవే వినబడతాయి.

ఇక్కడ నాకు చాలాకాలం అర్థం కాని సంగతి ఒకటి ఉంది. మా తాతగారింట్లో వాల్వు రేడియో ఉండేది. నేను చూసిన నాటికే అది ముసలిది. పొద్దున్నే విజయవాడ కేంద్రం భక్తిరంజని వస్తుంటే ఆ చెక్కపెట్టెలోంచి వచ్చే గొంతు ఎంత వెచ్చగా ఉండేదో! ఆ వెచ్చదనానికి కారణం తేలిగ్గానే చెప్పొచ్చు. కాగితం కోన్ ఉన్న ఒక్కటే స్పీకరు, వెనకవైపు తెరిచి ఉన్న చెక్కపెట్టె. మీడియం వేవ్‌లో 5 వేల హెర్ట్జ్ పైన వచ్చేది దాదాపు ఏమీ లేదు. పదునైనది ఏదీ రాకపోతే మిగిలింది మెత్తగానే ఉంటుంది మరి. కానీ ఆ లెక్కన అందులో గాలి బొత్తిగా ఉండకూడదు. నా జ్ఞాపకంలో మాత్రం బోలెడంత గాలి ఉంది.

జవాబు రేడియోలో లేదు, అది పెట్టిన చోట ఉంది. అది పంచలో ఉండేది. ముందు గోడ లేదు. పక్కన సగమే గోడ. పైన పెంకులు, ఎదురుగా వాకిలి, ఆపైన కొబ్బరిచెట్లు. రేడియోలోంచి బయల్దేరిన గొంతు మన చెవిని ఒక్కసారి తాకి వాకిట్లోకి వెళ్ళిపోయేది. మళ్ళీ వెనక్కి వచ్చేది కాదు. గాలాడే శబ్దం అని మనం అడుగుతున్నది ఇదే. నిజంగానే గాలాడే చోట విన్నాం కాబట్టి.

ఇప్పుడు అల్ వక్రాలో మన ఫ్లాటు చూడండి. నాలుగు కాంక్రీటు గోడలు, టైల్స్ నేల, జిప్సం సీలింగు, ఓ నిలువెత్తు అద్దాల కిటికీ. గొంతు బయల్దేరి చెవిని తాకుతుంది, గోడని తాకి మళ్ళీ వస్తుంది, నేలని తాకి వస్తుంది, అద్దాన్ని తాకి వస్తుంది. ఒక్క అక్షరం పదిసార్లు వింటాం. ఇన్ని ఘంటసాలల మధ్య అసలాయన ఎక్కడున్నాడో వెతుక్కోవాలి.

దీనికి లెక్క ఉంది, పాతదే. 1890ల్లో హార్వర్డ్‌లో వాలెస్ సాబిన్ అనే యువ ఆచార్యుడికి ఒక లెక్చర్ హాలు అప్పగించారు. అందులో మాట్లాడితే ఎవరికీ ఏమీ అర్థమయ్యేది కాదు. ఆయన పక్కనున్న నాటకశాలలోంచి కుర్చీల మెత్తలు రాత్రిపూట మోయించి తెచ్చి, హాల్లో ఇన్నేసి పరిచి, శబ్దం ఎంతసేపటికి చచ్చిపోతుందో కొలుచుకుంటూ పోయాడు. తెల్లారేలోగా మెత్తలు మళ్ళీ చేర్చాలి. ఆ కూలిపనిలోంచి పుట్టిన సూత్రం ఇప్పటికీ వాడుతున్నాం. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలో శబ్దాన్ని పీల్చే వైశాల్యంతో భాగించడమే.

మన హాలు 5 మీటర్ల పొడవు, 4 వెడల్పు, 3 ఎత్తు అనుకుందాం. 60 ఘనపు మీటర్లు. గోడలూ నేలా సీలింగూ కలిపి 94 చదరపు మీటర్లు. అన్నీ గట్టివి కాబట్టి తాకిన శబ్దంలో నూటికి ఐదు వంతులే పీలుస్తాయనుకుంటే, పీల్చే వైశాల్యం 4.7. మోత చావడానికి రెండు సెకన్లు. రెండు సెకన్లంటే చిన్నపాటి కల్యాణమంటపం! ఇప్పుడు నేలమీద 10 చదరపు మీటర్ల మందపాటి తివాచీ, కిటికీకి మడతలు పడే బరువైన తెర, గుడ్డ సోఫా, ఇద్దరు మనుషులు. వీటన్నిటికీ కలిపి మరో 12 వేసుకోండి. రెండు సెకన్లు కాస్తా 0.6కి దిగుతుంది. ఏ యాంపూ చెయ్యలేని పని ఇది.

మా కింది ఫ్లాట్లో రాజోలు వైపు అన్నయ్య ఒకాయన ఉన్నాడు. మంచి స్పీకర్లు కొన్నాడు. గొంతు గీరుకుంటోందని ఒక యాంపు మార్చాడు, మళ్ళీ ఇంకొకటి మార్చాడు. మూడోది మరీ ఖరీదైనది, చీటీ పాడి కొందామనుకుంటుండగా వాళ్ళమ్మగారు విజిట్ వీసా మీద వచ్చారు. రెండు పాటలు విని, "ఏంట్రా, స్నానాలగదిలో పాడినట్టుంది" అన్నారు. నేను ఆయన్ని అడిగింది ఒక్కటే: "అన్నయ్యా, ఆ చీటీ నెలాఖరు దాకా పాడకు." ఆ శుక్రవారం తివాచీ వచ్చింది, తెరలు వచ్చాయి, ఖాళీ గోడకి ఓ పుస్తకాల అర వచ్చింది. ఆవిడ మళ్ళీ విని ఏమన్నారో తెలుసా? సౌండ్ గురించి ఒక్క ముక్క అనలేదు. "ఇప్పుడు మాట తెలుస్తోంది" అన్నారు. తెలుగు పాటకి ఇంతకంటే పెద్ద కొలబద్ద నాకు తెలీదు. చీటీ డబ్బు ఇంటి లోనుకి పోయింది.

అరబ్బుల మజ్లిస్ గది ఎప్పుడైనా చూశారా? గోడనుంచి గోడదాకా తివాచీ, నాలుగు పక్కలా మెత్తలు, ఆనుకునే దిండ్లు, బరువైన తెరలు. పదిమంది కూర్చుని మాట్లాడుకోవడానికి కట్టుకున్న గది కాబట్టి మాట స్పష్టంగా వినబడేలా తయారైంది. హైఫై కోసం లక్షలు పోసి కట్టించుకునే గదుల్లో చేసేదీ దాదాపు అదే. ఒకప్పటి ముత్యాల, చేపల ఊరు ఇది. పాత పద్ధతిలో కట్టిన సముద్రం పక్క సూక్‌లో నడిస్తే ఎగుడుదిగుడు గోడల మధ్య, వాసాలూ చాపలూ పరిచిన కప్పుల కింద మాటలు ఎంత మెత్తగా వినబడతాయో గమనించండి.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఈ లెక్క కొంత తిరగబడుతుంది. మీ ఇళ్ళు చెక్క చట్రం మీద జిప్సం పలకలు కొట్టినవి. అడుగు స్వరాలకి ఆ గోడలు ఊగి కొంత మింగేస్తాయి. కింద కార్పెట్ ఎలాగూ ఉంటుంది. అందుకని మీకు గాలి గొడవ తక్కువ, వెచ్చదనం కరువు. మనూళ్ళో కొత్తగా కట్టుకుంటున్న ఇళ్ళు మాత్రం అచ్చం ఖతార్ ఫ్లాట్లే. ఆ పెంకుటింటి పంచ ఇప్పుడు మా ఊళ్ళోనూ లేదు.

ఇంకొక శత్రువు ఏసీ. పాటలో గాలి అనుకునేవి చాలా సన్నటి శబ్దాలు. స్ప్లిట్ ఏసీ మామూలు వేగంలో 40 డెసిబెల్ అటూ ఇటూ మోత చేస్తే ఆ సన్నటివన్నీ దాని కింద మునిగిపోతాయి. ఏసీ గాలి ఉంటే పాటలో గాలి ఉండదు, అంతే. మే నుంచి సెప్టెంబరు దాకా ఏసీ కట్టేయమని చెప్పడానికి నేనేమీ కసాయివాణ్ణి కాను. ఫ్యాను వేగం తగ్గించండి, యూనిట్ కింద కాకుండా దూరంగా కూర్చోండి. డిసెంబరులో కిటికీ తెరుచుకున్న రోజున అదే స్పీకర్లు రెట్టింపు ఖరీదైనవాటిలా ఉంటాయి.

ఇక స్పీకర్లు పెట్టే చోటు. టీవీ అరలో కుక్కకండి. గోడకి దగ్గరైన కొద్దీ అడుగు స్వరాలు ఉబ్బుతాయి, మూలకి తోస్తే మరీను. వెనక గోడకి ఓ అరమీటరు ఎడం, పక్కగోడలకి ఇంకాస్త ఎక్కువ, ట్వీటర్ మీ చెవి ఎత్తులో, రెండు స్పీకర్లూ మీరూ కలిసి సమబాహు త్రిభుజం. ఇక్కడ మొదలుపెట్టి, గొంతు పలచగా ఉంటే గోడవైపు ఒక జానెడు జరపండి, కుండలోంచి వస్తుంటే ముందుకి లాగండి. వెచ్చదనానికి ఇంతకన్నా చవకైన బటన్ లేదు. స్పీకర్ మొహం సరిగ్గా మీవైపే తిప్పితే పదును ఎక్కువ, కాస్త పక్కకి తిప్పితే తక్కువ. ఇంట్లోవాళ్ళు ఊడ్చేటప్పుడు మళ్ళీ గోడకి తోసేస్తారు, అందుకే నేలమీద చిన్న టేపు ముక్క అంటించుకున్నాను.

ఎలాంటి స్పీకర్లు? మన పాటలో ముప్పాతిక వంతు గొంతే. కాబట్టి నా మొగ్గు బీబీసీ వంశం వైపు. 1970ల్లో బీబీసీ ఇంజినీర్లు అవుట్‌సైడ్ బ్రాడ్‌కాస్ట్ వ్యాన్లలో, కాళ్ళు చాపుకోడానికి చోటులేని బల్లలమీద, మాట సరిగ్గా ఉందో లేదో వినడానికి ఎల్.ఎస్.3/5ఏ అనే చిన్న స్పీకరు తయారుచేసుకున్నారు. అడుగు పొడవు పెట్టె. లోతైన బేస్ లేదు. ఆ లోటు తెలియకుండా నూట పాతిక హెర్ట్జ్ ప్రాంతంలో చిన్న మూపురం ఉంటుంది. వెచ్చదనం అంటే ఏమిటో ఒక్క స్పీకర్లో చూపించమంటే దాన్నే చూపిస్తాను. రోజర్స్, స్పెండార్, హార్బెత్ ఆ కుటుంబం పేర్లు. హార్బెత్‌ని 1977లో మొదలుపెట్టిన డడ్లీ హార్‌వుడ్ బీబీసీలోంచి వచ్చినవాడే. కాకపోతే వీటిలో చిన్నవాటి ఖరీదు చూస్తే కళ్ళు తిరుగుతాయి. అంత పెట్టలేనివాళ్ళు వార్ఫ్‌డేల్ లింటన్ వినండి. 1932లో యార్క్‌షైర్‌లో పుట్టిన కంపెనీ పాత పేరుతో 2019లో మళ్ళీ తెచ్చిన మూడు డ్రైవర్ల పెద్ద పెట్టె. పెద్ద హాల్లో నిండుగా పలుకుతుంది. చిన్న గదిలో మాత్రం ఏనుగుని కట్టేసినట్టుంటుంది.

హార్న్ స్పీకర్లంటే పడి చచ్చేవాళ్ళున్నారు. గట్టిగా, ప్రాణంతో వాయిస్తాయి, కాదనను. టైల్స్ గదిలో, పాత తెలుగు రికార్డింగులకి, నేనైతే పెట్టను.

ఇంటర్నెట్లో గ్రాఫులు చూసి కొనేవాళ్ళకి ఒక మాట. 1980ల్లో కెనడా నేషనల్ రిసెర్చ్ కౌన్సిల్‌లో ఫ్లాయిడ్ టూల్ తెరచాటున స్పీకర్లు పెట్టి జనానికి వినిపించాడు. బ్రాండు కనబడనప్పుడు ఎక్కువమంది మెచ్చుకున్నవి, ఎదురుగా విన్నా పక్కనించి విన్నా తీరు మారకుండా పలికేవి. పక్కకి వెళ్ళిన శబ్దమే గోడని తాకి మనదగ్గరికి వస్తుంది కదా, అది కూడా సవ్యంగా ఉండాలన్నమాట. షాపులో కుర్చీ వదిలి ఓ రెండడుగులు పక్కకి నడిచి వినండి. గొంతు మనిషి మారిపోయినట్టుంటే వదిలేయండి. ఉప్పుగాలి, తేమ ఉన్న ఊరు కాబట్టి వూఫర్ అంచు ఫోమ్ కాకుండా రబ్బరుదా అని కూడా చూసుకోండి. ఫోమ్ కొన్నేళ్ళకి పొడిపొడిగా రాలిపోతుంది.

ఇప్పుడు యాంపు. 86 డెసిబెల్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ల జత, రెండున్నర మీటర్ల దూరంలో మీరు, హాయిగా వినే 75 డెసిబెల్ స్థాయి. దీనికి పట్టేది పావు వాటు. పావు! మృదంగం ఒక్కసారి గట్టిగా మోగినప్పుడు దానికి వంద రెట్లు కావాలనుకున్నా 25 వాట్లు. 83 డెసిబెల్ స్పీకరైతే అంతకి రెట్టింపు. అంచేత మంచి కంపెనీది 50 వాట్ల యాంపు చాలామందికి ఎక్కువే. ఒకప్పుడు మనూరి షాపుల్లో టేపురికార్డర్ మీద వేల వాట్లు పీఎంపీఓ అని స్టిక్కరు ఉండేది గుర్తుందా? అది మర్చిపోండి.

వాల్వు యాంపుల వెచ్చదనం కట్టుకథ కాదు. కారణాలు రెండున్నాయి. అవి అసలు నాదానికి రెండో హార్మోనిక్ కాస్త కలుపుతాయి. షడ్జమం వేస్తే పైస్థాయి షడ్జమం నీడలా తోడొస్తుందన్నమాట. తంబూరా మీటినప్పుడు ఒక్క తీగలోంచి పై స్వరాలు విచ్చుకోవడం విన్నవాళ్ళకి అది ఎందుకు ఇంపుగా ఉంటుందో చెప్పక్కర్లేదు. రెండోది, వాటి అవుట్‌పుట్ ఇంపిడెన్స్ ఎక్కువ కాబట్టి స్పీకరు ఇంపిడెన్స్ ఎగుడుదిగుడుల్ని బట్టి స్వరాల సమతూకం కాస్త మారుతుంది. అంటే ఒకరి స్పీకర్లకి వెచ్చగా ఉన్నది ఇంకొకరికి ఉండకపోవచ్చు. ఒక్క 300బీ వాల్వు ఇచ్చేది ఎనిమిది వాట్లే. పై లెక్క మళ్ళీ చూసుకోండి. పైగా క్లాస్ ఏ యాంపులు పాట పెట్టకపోయినా వందకి పైగా వాట్లు వేడి చిమ్ముతూ ఉంటాయి. ఖతార్ వేసవిలో ఆ వేడిని తోడిపోయడానికి ఏసీ పెంచాలి, ఏసీ పెంచితే గాలి పోతుంది, తిరిగి తిరిగి మొదటికే.

మంచి ట్రాన్సిస్టర్ యాంపులు రెండు, వాటి శక్తికి మించనంత వరకు, సరిసమానమైన వాల్యూమ్‌లో పెట్టి పేరు చూడకుండా వింటే తేడా పట్టడం చాలా కష్టం. షాపులో తేడా వినబడడానికి మామూలు కారణం ఒకటి కాస్త గట్టిగా మోగడం. గట్టిదే మంచిదనిపిస్తుంది, మన చెవి తీరు అది. అందుకని నేను యాంపులో వెతికేది వేరు. బేస్, ట్రెబుల్ మీటలు ఉన్నాయా? వీలైతే లౌడ్‌నెస్ మీట ఉందా? శబ్దం తగ్గిన కొద్దీ చెవి అడుగు స్వరాలని ఎక్కువగా వదిలేస్తుందని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించారు. పిల్లలు పడుకున్నాక పదింటికి మెల్లగా వినేవాడికి వెచ్చదనం అక్కడే పోతుంది. యమహా ఏ-ఎస్ వరసలో 301, 501లకి ఈ లౌడ్‌నెస్ మీట కావలసినంత తిప్పుకునేలా ఉంటుంది. "శుద్ధమైన" యాంపులకి మీటలుండవని గొప్పగా చెబుతారు. 1957 నాటి రికార్డింగుకి శుద్ధత ఏం చేసుకుంటాం, కాస్త ట్రెబుల్ తగ్గించుకుని వింటాం.

వైర్ల గురించి ఒక్క లెక్క. మూడు మీటర్ల దూరానికి రెండున్నర చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి వైరు నిరోధం 0.04 ఓమ్. స్పీకరు 8 ఓమ్. ఆ పైన ఎవరైనా పాములాంటి లావుపాటి కేబుల్ తీసి చూపిస్తే ఇంటికి తివాచీ కొనుక్కుని వెళ్ళండి.

షాపుకి వెళ్ళేటప్పుడు మీ పాటలు మీరే తీసుకెళ్ళండి, నష్టం లేని ఫైళ్ళు గానీ సీడీలు గానీ. నేను తీసుకెళ్ళేవి మూడు. మాయాబజార్ (1957) పాట ఏదైనా ఒకటి. మోనో కాబట్టి గొంతు రెండు స్పీకర్లకీ సరిగ్గా మధ్యన, గాల్లో ఒక్కచోట నిలబడాలి. అటూ ఇటూ పరుచుకుంటే స్పీకర్ల జత కలవలేదు, లేదా గది సరిగా లేదు. రెండోది జగదేకవీరుని కథ (1961)లో పెండ్యాల బాణీలో ఘంటసాల దర్బారీ కానడలో పాడింది. మంద్రంలో గొంతుకి ఒళ్ళుందా, పైకెళ్ళినప్పుడు గీరుకుందా అన్నది అందులో దాగదు. మూడోది సిరివెన్నెల (1986). హరిప్రసాద్ చౌరాసియా వేణువు. స్వరం కాదు, స్వరానికి ముందు వెదురు అంచుమీద జారిన ఊపిరి వినండి. అది వినబడితే గాలి ఉన్నట్టు. అదొక్కటే బుసబుసమని ముందుకొచ్చి నిలబడితే పైస్థాయి పెంచేశారన్నట్టు.

ఎప్పటికైనా ఇంటికి తిరిగి వెళ్ళేవాళ్ళమే కాబట్టి ఒక మాట. ఖతార్లో 240 వోల్టులు, మనకి 230, రెండుచోట్లా 50 హెర్ట్జ్. యాంపు నిశ్చింతగా పనిచేస్తుంది, ప్లగ్గు మాత్రం ఇక్కడి పలకల పిన్నులది మార్చుకోవాలి. అమెరికా బంధువులు తెచ్చిపెట్టేది 120 వోల్టులదేమో వెనకాల చూడందే తగిలించకండి. స్పీకర్ల అసలు అట్టపెట్టెలు, లోపలి థర్మాకోల్‌తో సహా, పారేయకుండా మంచం కింద దాచండి. మా ఇంట్లో రెండు మంచాల కిందా ఖాళీ లేదు.